సాలెపేటకి చుట్టమైన సన్యాసమ్మ

మా తాతకి తాత ఇంకా ఊయలలో కూడా పడని రోజుల్లో, ఏటి ఒడ్డున సన్యాసమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు. పిల్లల్లేరు. భూమి ఉందంటే ఉంది, నాలుగు అంగలు వేస్తే అయిపోయేది. అందులోనే వంగ, అందులోనే బీర, అందులోనే తోటకూర.

ఆ మడిలో నిలబడితే అవతల సాలెపేట కనబడేది. మగ్గాల చప్పుడు వినబడేది. అయినా సన్యాసమ్మ కూర ఏనాడూ తిన్నగా సాలెపేటకి వెళ్ళలేదు. తట్ట నెత్తిన పెట్టుకుని మూడు కోసులు నడిచి సంతకి వెళ్ళేది. అక్కడ బేరగాళ్ళు కాయ నొక్కి చూసి, పెదవి విరిచి, తోచింది ఇచ్చేవారు. అందరూ చేసేది అదే కదా అని ఆవిడా చేసేది.

ఒకరోజు సంత నుంచి వస్తూ, కాళ్ళు లాగి, సాలెపేటలో ఒక అరుగు మీద కూర్చుంది. అది బంగారయ్య అనే నేతగాడి ఇల్లు. ఆయన భార్య రవణమ్మ గుమ్మంలో వంకాయలు తరుగుతోంది. సన్యాసమ్మ ఒక కాయ చేతిలోకి తీసుకుంది. తెల్లచార, తొడిమకి ముళ్ళు. ఆ విత్తనం ఏటి ఒడ్డున ఆవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

"ఇవి నా కాయలు వదినా," అంది.

"నీవా? సంత బండి మీద వచ్చాయమ్మా. సగం వాడిపోయాయి, చూడు. తరిగి పారెయ్యడమే పనైపోయింది."

సన్యాసమ్మకి తన బిడ్డని ఎవరో ఎండలో నిలబెట్టినట్టనిపించింది. కూతవేటు దూరంలో పుట్టిన కాయ ఆరు కోసులు తిరిగి ఇక్కడికి వచ్చింది. ఇంటికి వెళ్ళేదాకా అదే తలుచుకుంది.

ఆ ఏడు పురుగు పట్టి తోట పోయింది. మళ్ళీ వేద్దామంటే విత్తనం లేదు. పంట వచ్చేదాకా తినడానికి గింజ లేదు. గునపం మొద్దుబారిపోయింది. మడి బీడు పెట్టి ఎక్కడికైనా కూలికి పోవాలి, లేకపోతే ఇంకేదైనా చెయ్యాలి. సన్యాసమ్మ మొహం కడుక్కుని సాలెపేటకి నడిచింది.

మొదట బంగారయ్య ఇంటికి వెళ్ళింది.

"నా తోటకి చుట్టంగా ఉంటారా?" అని అడిగింది. "విత్తకముందే మీకు వీలైంది ఇవ్వండి. కాపు మొదలయ్యాక వారం వారం మీ వాటా మీ గుమ్మంలోకి తెస్తాను. పొద్దున కోసింది పొద్దున్నే తెస్తాను."

"కాయకపోతే?" అన్నాడు బంగారయ్య.

"కాయకపోతే మీకూ లేదు, నాకూ లేదు. అది ముందే చెప్తున్నాను."

బంగారయ్య నవ్వాడు. ఇంత ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళని ఆయన సంతలో ఎప్పుడూ చూడలేదు. తట్టెడు చోళ్ళు కొలిచి ఇచ్చాడు, అంబలి కాచుకుని తాగమని.

తర్వాత కమ్మరి వీరాసామి కొలిమి దగ్గరికి వెళ్ళింది. "నా తోటకి చుట్టంగా ఉంటారా?" అని అడిగింది. వీరాసామి గునపం తెమ్మని చెయ్యి చాపి, కాల్చి, సాగగొట్టి, మొన తీసి ఇచ్చాడు.

చివరికి మంత్రసాని నూకాలు మామ్మ గుడిసెకి వెళ్ళింది. "నా తోటకి చుట్టంగా ఉంటావా మామ్మా?"

"నా దగ్గర ఏముందే, ఇవ్వడానికి?" అని ముసలావిడ లోపలికి వెళ్ళి, ఒక ఎండు ఆనపబుర్ర తెచ్చింది. బూడిదలో కలిపిన విత్తనాలున్నాయి అందులో. పురుడు పోసిన ప్రతి ఇంట్లోనూ గుప్పెడు విత్తనం అడిగి తెచ్చుకునేదట. వేసుకోవడానికి జానెడు నేల లేక నలభై ఏళ్ళుగా విత్తనం మార్చి విత్తనం దాచుకుంటోంది.

"నేను చేతుల్లోకి తీసుకున్న పిల్లలందరూ నడుస్తున్నారు," అంది మామ్మ. "ఇవి కూడా లేస్తే చూడాలనుంది."

పేటలో మిగతావాళ్ళు నవ్వుకున్నారు. మొలవని కూరకి గింజలు కొలిచారట అన్నారు. తోట మొలిచింది. మూడు తట్టలు మూడు గుమ్మాల్లోకి మంచు తడి ఆరకుండా వెళ్ళాయి. నవ్విన నోళ్ళు కాస్త మూతపడ్డాయి.

అప్పుడు ఏరు పొంగింది. మూడు రోజులు వాన, మూడు రోజులు వరద. నీళ్ళు తీశాక సన్యాసమ్మ వెళ్ళి చూస్తే మడి లేదు, మోకాలెత్తు ఇసక ఉంది. గట్టు మీద నాలుగు గోంగూర మొక్కలు మిగిలాయి. ఆకు కోసి మూడు కట్టలు కట్టింది. ఒక్కో కట్ట పిడికిట్లో పట్టేంత ఉంది. వాటిని తట్టలో పెట్టుకుంటే తట్ట బరువే ఎక్కువ. అయినా ఆ రోజు నడిచిన దూరం ఆవిడకి సంత దూరం కంటే ఎక్కువైంది.

"ఇంతేనా?" అంది రవణమ్మ.

"ఇంతే వదినా."

లోపల మగ్గం ఆగింది. బంగారయ్య బయటికొచ్చి ఆ కట్ట వంక చూశాడు, ఆవిడ కాళ్ళకి అంటిన బురద వంక చూశాడు.

"మన తోట మొత్తం పోయిందా?" అన్నాడు.

వీధిలో ఎంతమంది ఎన్ని అడిగినా ఏడవని సన్యాసమ్మ, ఆ 'మన' అన్న మాటకి అరుగు మీద కూలబడి ఏడ్చింది.

మర్నాడు ఆ మూడిళ్ళవాళ్ళూ తట్టలతో ఏటి ఒడ్డుకి వెళ్ళారు. వాళ్ళని చూసి ఇంకో నాలుగిళ్ళవాళ్ళు వెళ్ళారు. ఇసక ఎత్తిపోశారు, గట్టు వేశారు. వచ్చే పంట కారుకి పది ఇళ్ళు తోటకి చుట్టాలయ్యాయి. ఆ పై ఏడు ఇరవై. పక్క మడుల రైతులు కూడా సంతదారి మాని, ఎవరి చుట్టాలని వాళ్ళు వెతుక్కున్నారు.

కొన్నేళ్ళకి కరువొచ్చింది. సాలెపేటవాళ్ళు పొద్దునా సాయంత్రం చెలమ నీళ్ళు మోసి పోస్తే సన్యాసమ్మ తోట ఒక్కటే పచ్చగా నిలిచింది. అదే సమయంలో ఆ చుట్టుపక్కల ఊళ్ళు ఏలే దొర ఇంట్లో పెళ్ళి. దొర మనిషి ఎడ్లబండి తోలుకొచ్చాడు.

"ఉన్నదంతా కొయ్యి. దీనికి పదింతల నేల రాసిస్తారు దొరగారు."

"ఇవి నావి కావు బాబూ."

"మరెవరివి?"

"ఆ పేటవాళ్ళవి."

"వాళ్ళు ఇంకా కోసుకోలేదుగా?"

"విత్తకముందే వాళ్ళవయ్యాయి."

"దొర మాట కాదంటున్నావు. తెలుస్తోందా?"

సన్యాసమ్మ కంచెతలుపు పట్టుకుని నిలబడింది. "దొరగారిని కూడా చుట్టంగా ఉండమనండి. వచ్చే కారుకి, విత్తకముందు రమ్మనండి. కాసినా కాయకపోయినా ఉండాలి."

అప్పటికే పేట పేటంతా కంచె పొడుగునా వచ్చి నిలబడింది. బండి ఖాళీగా వెళ్ళింది.

ఏం జరుగుతుందోనని నెల రోజులు అందరూ భయపడ్డారు. వానలకి ముందు దొర ఇంటి నుంచి ఒక మనిషి వచ్చాడు. నెత్తి మీద కుంచెడు విత్తనాలున్నాయి. సన్యాసమ్మ తీసుకుంది. అందరితో సమానంగా ఆయనకీ ఒక తట్ట పంపింది. ఒక్క కాయ ఎక్కువ పెట్టలేదు.

అలా బతికి, బాగా పెద్దదై, నారు పోసే రోజుల్లో ఒక మధ్యాహ్నం మడి గట్టు మీదే కన్నుమూసింది సన్యాసమ్మ. కొరివి పెట్టడానికి ఎవరూ లేరు కదా అన్నారు పొరుగూరివాళ్ళు. ఆ మాటకి సాలెపేటకి కోపం వచ్చింది. బంగారయ్య పెద్దకొడుకు ముందు నడిచాడు. నలభై ఇళ్ళు వెనక నడిచాయి. సొంత మనిషి పోతే పట్టినట్టు ప్రతి ఇంట్లోనూ మైల పట్టారు. పది రోజులు ఆ పేటలో ఒక్క మగ్గం కదల్లేదు.

ఇప్పటికీ నారు పోసే ముందు ఒకరోజు అక్కడ మగ్గాలు ఆపేస్తారు. చిన్నాపెద్దా ఏటి ఒడ్డుకి వెళ్ళి ఎవరు ఏ తోటకి చుట్టాలో ఆ తోటలో పొద్దుగూకేదాకా పని చేస్తారు. దారిన పోయేవాళ్ళు ఆగి, ఏమిటి ఈ రోజు విశేషం అని అడుగుతారు.

"మా ఇంటి మనిషి ఒకావిడ పోయిన రోజండీ," అంటారు వాళ్ళు.

ఎవరింటి మనిషి అని అడిగి చూడండి. ఏ ఇంటివాళ్ళని అడిగితే ఆ ఇంటివాళ్ళు, మా ఇంటి మనిషే అంటారు.