ఏడు నిమిషాల పేజీ

రిటైరైన టీచరు తులసీరత్నం గారికి అరవై ఒక్కేళ్లు. జీడిపిక్కల కార్మికుల సంఘం వెబ్‌సైట్‌లో ఏ చిన్న మార్పు చేయాలన్నా, ముందు తన కంప్యూటర్‌లోని నోట్‌ప్యాడ్‌లో రాసుకుని, ఒక పూట అలా ఉంచి, మళ్లీ చదివాకే సైట్‌లోకి ఎక్కించేవారు.

ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న హేమనళినికి ఇదంతా చాదస్తంగా తోచేది. సైట్‌లోనే రాసుకునే వీలుంది. అక్కడ రాసి సేవ్ నొక్కితే ఆ క్షణమే అందరూ చదువుకోవచ్చు. వండిన గిన్నెలోంచే వడ్డించక, రెండు గిన్నెలు తోముకోవడం ఎందుకని ఆ అమ్మాయి బాధ.

ఒక మంగళవారం ఆ బాధ బయటపడింది. సూపర్‌వైజర్ వేధింపుల గురించి దాలమ్మ అనే కార్మికురాలు చెప్పిన మాటలు నాలుగింటికల్లా సైట్‌లో ఉండాలని, విలేకరులు వస్తున్నారని సంఘం అధ్యక్షుడు కబురు చేశాడు. అధ్యక్షుడికి ఎప్పుడూ తొందరే. మర్నాడు ఆ సూపర్‌వైజర్ ఎదుట కూర్చుని పిక్కల తొక్క తీయాల్సింది ఆయన కాదు. పేరు బయటికి రానివ్వబోమని దాలమ్మకు సంఘం వాళ్లు మాట ఇచ్చి ఉన్నారు. హేమనళిని మాత్రం నేరుగా సైట్ తెరిచి కూర్చుంది.

"ముందు పేరుతోనే రాసేసి, చివర్లో తీసేస్తాను టీచర్‌గారూ. మీ నోట్‌ప్యాడ్‌లో రాస్తే మాత్రం ఏం తేడా?"

తులసీరత్నం గారు చెప్పులేసుకుని రమ్మన్నారు. రెండు వీధుల అవతల ఇడ్లీలు అమ్ముకునే పారమ్మ దగ్గరికి తీసుకెళ్లి, మూడేళ్ల కిందటి సంగతి ఈ పిల్లకు చెప్పమన్నారు.

పారమ్మ హేమనళినికి పీట వేసింది. టీచరుకు వేయలేదు. ఆవిడా అడగలేదు, నిలబడే ఉన్నారు. అప్పట్లో పారమ్మదీ దాలమ్మ పనిచేసే జీడిపిక్కల ఫ్యాక్టరీయే, ఇలాంటి ఫిర్యాదేనట. టీచర్‌గారు దాన్ని నేరుగా సైట్‌లో రాస్తూ, పేరు తర్వాత మారుద్దామనుకుని, సగంలో సేవ్ నొక్కారట. చూసుకుని పేరు తీసేసేసరికి ఏడు నిమిషాలు గడిచాయి.

"ఎవులో ఫొటో తీసీసి, నాలుగో నిమిషానికే నా పేరు మేనేజరు ఫోనుకి ఎల్లిపోనాది," అంది పారమ్మ, పిండి కలుపుతూనే. "మర్నాడు గేటు కాడే ఆపీసినారు. టీచరమ్మ తప్పేటుందమ్మా, ఎంటనే దిద్దీసినాది కదా."

తిరిగి వస్తూ హేమనళిని, పారమ్మ మిమ్మల్ని ఒక్క మాటైనా అనలేదు కదా టీచర్ అని మెల్లగా అంది.

"అనలేదు. నేను దిద్దగలిగింది పేజీనే," అన్నారు తులసీరత్నం గారు.

హేమనళిని దాలమ్మ మాటలను బుధవారం మధ్యాహ్నం సైట్‌లో పెట్టింది. అప్పటికి విలేకరులు వచ్చి వెళ్లిపోయి ఒక రోజైంది.