నిమ్మగెడ్డ దారి

దామోదరం మాస్టారిని పాఠంలో ఏ సందేహం అడిగినా అక్కడికక్కడే తీర్చేవారు. ఎలా చదవాలి అని అడిగితే మాత్రం సూటిగా చెప్పేవారు కారు. కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి మొదలుపెట్టేవారు. అందుకని దిగువలస జూనియర్ కాలేజీలో బైపీసీ చదివే పిల్లలు, ముఖ్యంగా తొందర ఎక్కువున్నవాళ్ళు, ఆయన్ని ఆ ఒక్క ప్రశ్నా అడిగేవారు కారు.

మజ్జి నీలవేణి అడిగింది. అడగక తప్పని స్థితిలో ఉంది.

ఆ అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. అర్ధసంవత్సర పరీక్షల్లో బోటనీ, జువాలజీ రెండూ తప్పింది. చదవకుండా తప్పి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కారు. కానీ క్లాసులో ఆమె అంత చదివే పిల్ల లేదు. బస్సు కోసం నిలబడినా చేతిలో పుస్తకమే, అన్నం తింటున్నా ఒళ్ళో పుస్తకమే. తండ్రి సింహాచలం కిరాయికి ట్రాక్టరు తోలుతాడు. మార్కులు చూసి ఆయన కోప్పడలేదు. "మార్చిలో కూడా ఇలాగే అయితే మీ మేనత్తతో జీడిపిక్కల పనికి పోదువు గాని తల్లీ. ఇలా నిన్ను నువ్వు అరగదీసుకోకు" అన్నాడు. తిట్టి ఉంటే నీలవేణి ఏడ్చి ఊరుకునేది. ఆయన అంత మెత్తగా అనేసరికి భయం వేసింది. ఆమెకు నర్సింగ్ చదవాలని ఉంది.

ఆదివారం పొద్దున్నే పుస్తకాల సంచితో మాస్టారి ఇంటికి వచ్చింది. వరండాలో మాస్టారు పేపరు చదువుతున్నారు. ఆ పక్కనే ఆయన భార్య ఈశ్వరమ్మగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఆవిడ ఆరోగ్యశాఖలో నర్సుగా చేసి రిటైరయ్యారు.

నీలవేణి జువాలజీ పుస్తకం తెరిచి చూపించింది. పేజీలన్నీ రంగురంగుల గీతలే. నిర్వచనాలకు ఎరుపు, పేర్లకు ఆకుపచ్చ, ముఖ్యమైన వాటికి పసుపు. ముఖ్యం కానిది ఏదీ కనబడలేదు కాబట్టి పసుపు ఎక్కువగా ఉంది.

"ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు సార్. చదువుతున్నప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది. పరీక్షలో గుండె నిర్మాణం అడిగారు. అది ఎడమ పేజీలో ఉందని, పైన పటం ఉందని, పక్కన ఎర్రగీత ఉందని, అన్నీ కనిపిస్తున్నాయి. అక్కడ ఏం రాసి ఉందో మాత్రం రాలేదు. ఇంకా ఎన్నిసార్లు చదవాలి సార్?"

మాస్టారు కళ్ళజోడు తీశారు.

"మా ఇంటావిడ ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగింది చెప్తాను, విను" అన్నారు.

ఈశ్వరమ్మగారు ఒకసారి తలెత్తి భర్త వైపు చూసి, మళ్ళీ చిక్కుడుకాయల్లోకి దించుకున్నారు. వద్దనలేదు.

మాస్టారు చెప్పిన సంగతి ఇది.

ఈశ్వరమ్మకు మొదటి ఉద్యోగం కొండల కింద ఒక చిన్న ఆరోగ్య ఉపకేంద్రంలో. అక్కడ అప్పటికే ఫిలోమినా అని పెద్ద నర్సు ఉండేది. ప్రతి బుధవారం పిల్లలకు టీకాలు వెయ్యడానికి ఇద్దరూ కొండమీది నిమ్మగెడ్డ గూడేనికి వెళ్ళేవారు. బండి పోయే దారి కాదు. జీడితోటల్లోంచి, గెడ్డలనే కొండవాగులు రెండు దాటి, ఎక్కుతూ పోవాలి. ఫిలోమినా ముందు నడిచేది. ఐసు ముక్కల మధ్య టీకా సీసాలు పెట్టిన పెట్టెను భుజాన వేసుకుని ఈశ్వరమ్మ వెనక నడిచేది. ఫిలోమినా మంచి మాటకారి. ఆమె చెప్పే కబుర్లు వింటూ నడిస్తే ఎక్కినట్టే ఉండేది కాదు. ఏడాది పాటు అలా నడిచింది ఈశ్వరమ్మ. దారిలో వంగిన మద్దిచెట్టు వస్తే "ఇదిగో మద్దిచెట్టు" అనిపించేది. ఏటవాలు బండ వస్తే "ఇదిగో బండ" అనిపించేది. ఎదురైన ప్రతిదీ తెలిసినదే.

ఒక వేసవిలో పక్క గూడెంలో పిల్లలకు తట్టు పోసింది. సరిగ్గా ఆ వారమే ఫిలోమినా కూతురికి పురుడు వచ్చి ఆమె సెలవు పెట్టింది. వెళ్తూ వెళ్తూ అడిగింది.

"ఒక్కదానివే పోగలవా? దారి తెలుసు కదా?"

"కళ్ళు మూసుకుని పోతానక్కా" అంది ఈశ్వరమ్మ.

అబద్ధం ఆడలేదు. తెలుసనే అనుకుంది.

మొదటి గెడ్డ దాటింది. రెండో గెడ్డ దాటాక ఆగిపోయింది. అక్కడ దారి మూడుగా చీలి ఉంది. ఏడాదిగా అదే చోట నడుస్తున్నా ఆ చీలిక ఆమె ఎప్పుడూ చూడలేదు. వెనక నడిచేవాళ్ళకు దారి ఎప్పుడూ ఒక్కటే. ముందున్న మనిషి ఎటు పోతే అటే. మూడు దారులూ తెలిసినట్టే ఉన్నాయి. ఒకటి పట్టుకుని వెళ్తే పోడు పొలంలో తేలింది. వెనక్కి వచ్చి ఇంకొకటి పట్టుకుంటే అది తిప్పి తిప్పి గెడ్డ దగ్గరికే తెచ్చింది. దారి అడుగుదామంటే మనిషి అలికిడి లేదు. ఎండ ముదిరింది.

ఎలాగో గూడెం చేరేసరికి పొద్దు వాలుతోంది. తల్లులు పొద్దుటినుంచీ పనులు మానుకుని పిల్లల్ని ఎత్తుకుని కూర్చున్నారు. ఆమెను చూసి లేచారు. ఈశ్వరమ్మ పెట్టె మూత తీసింది. ఐసు ఎప్పుడో కరిగి నీళ్ళయింది. ఆ నీళ్ళు కూడా వేడెక్కాయి. ఆ టీకాలు పనికిరావు. ఆ మాట వాళ్ళకు తన నోటితోనే చెప్పాలి, చెప్పింది. ఒక్కరూ తిట్టలేదు. సోములమ్మ అని ఒకామె చంటిపిల్లను మళ్ళీ వీపుకు కట్టుకుని వెళ్ళిపోయింది.

ఫిలోమినా తిరిగి వచ్చేలోగా ఆ పిల్లకు తట్టు పోసింది. ప్రాణం దక్కింది గానీ ఒక చెవి పోయింది.

"ఎడమ చెవి" అన్నారు ఈశ్వరమ్మగారు, చేతిలో పని ఆపకుండా.

మాస్టారు మళ్ళీ అందుకున్నారు.

ఫిలోమినా వచ్చాక, సంగతి విని, దగ్గర కూర్చోబెట్టుకుని దారి మొత్తం మళ్ళీ చెప్పబోయింది. ఎక్కడ ఏ చెట్టుందో కాగితం మీద గీసిస్తానంది. ఈశ్వరమ్మ వద్దంది.

"టీకాలు లేని రోజున పోదాం అక్కా. నేను ముందు నడుస్తాను, నువ్వు నా వెనక రా. నేను తప్పు తిరిగినా నోరు విప్పకు. నేనే ఆగి అడిగితే అప్పుడు చెప్పు."

అలాగే వెళ్ళారు. మూడు దారుల దగ్గర ఈశ్వరమ్మ మళ్ళీ తప్పే తిరిగింది. ఫిలోమినా ఒక రాయి చూసుకుని కూర్చుంది తప్ప నోరు మెదపలేదు. ఈశ్వరమ్మ పోడు పొలం దాకా పోయి, తిరిగి వచ్చి, ఆ చీలిక దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. అసలు దారికి గెడ్డ ఎడమచేతి పక్కనే ఉంటుందని, గెడ్డ చప్పుడు వినబడకపోతే దారి తప్పినట్టేనని అప్పుడు తెలిసింది. ఎవరూ చెప్పలేదు కాబట్టి అది మళ్ళీ మరిచిపోలేదు. తర్వాతి సారి అక్కడ సరిగ్గా తిరిగి, ఇంకా పైన తప్పింది. ఆ పైసారి అక్కడా తప్పలేదు. అంతటితో వచ్చేసిందని సంబరపడలేదు. కొన్నాళ్ళు వెళ్ళడం మానేసి, కాస్త మరపుకు వచ్చిందనిపించాక మళ్ళీ వెళ్ళి చూసుకుంది. ఒకసారి గూడెంలో మొదలుపెట్టి కిందికి దారి వెతుక్కుంది.

మరుసటి ఏడు వానలకు వంగిన మద్దిచెట్టు కూలిపోయింది. ఏటవాలు బండ మీదికి మట్టి జారి గుర్తుపట్టడానికి లేకుండా అయింది. ఆ తర్వాతి బుధవారం ఈశ్వరమ్మ ఒక్కతే వెళ్ళింది. పెట్టె మూత తీస్తే ఐసు ఇంకా గట్టిగానే ఉంది. పిల్లలందరికీ టీకాలు పడ్డాయి. సోములమ్మ కూడా రెండో బిడ్డను తెచ్చింది.

అక్కడికి ఆపి మాస్టారు పేపరు మడతపెట్టారు.

నీలవేణి తన పుస్తకంలోని గీతల వైపు చూస్తూ కూర్చుంది. కొంతసేపటికి, "అయితే చదవడం మానెయ్యమంటారా సార్?" అంది.

"చదువు. చదివిన తర్వాత పుస్తకం లోపల పెట్టి ఇలా రా" అన్నారు మాస్టారు.

ఆమె హృదయం పాఠం ఒకసారి చదువుకుని, పుస్తకం లోపల బల్లమీద పెట్టి వచ్చింది. మాస్టారు చేతికి సుద్దముక్క ఇచ్చి వరండా గచ్చు చూపించారు. నీలవేణి గుండె గీసింది. రెండు కర్ణికలు, రెండు జఠరికలు గీసింది. కుడి జఠరిక నుంచి పుపుస ధమనిని ఊపిరితిత్తులకు తీసుకెళ్ళింది. అక్కడి నుంచి పుపుస సిరను తెచ్చి కుడి కర్ణికలో కలిపింది. గీసి, బాగానే ఉంది కదా అన్నట్టు చూసింది.

మాస్టారు తప్పనలేదు. "ఈ గుండెలో రక్తం ఎటు పోతుందో వేలు పెట్టి చూపించు" అన్నారు.

నీలవేణి వేలు పెట్టింది. కుడి కర్ణిక, కుడి జఠరిక, ధమని, ఊపిరితిత్తులు, సిర, మళ్ళీ కుడి కర్ణిక. ఇంకోసారి తిరిగింది. మళ్ళీ అక్కడికే వచ్చింది. వేలు ఆగిపోయింది.

"ఒంటికి అందట్లేదు సార్" అంది. ఒక్క క్షణం ఆలోచించి, ఎవరూ చెప్పకుండానే సిరను అరచేత్తో చెరిపేసి ఎడమ కర్ణికకు తిప్పింది. అక్కడి నుంచి ఎడమ జఠరిక, మహాధమని. వేలు గచ్చు అంచుదాకా పోయింది. ఆ తర్వాతే లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి సరిచూసుకుంది.

అప్పటినుంచి ఆదివారాలు వచ్చేది. కొన్నిసార్లు మూత్రపిండం, కొన్నిసార్లు పువ్వులో ఫలదీకరణం, ఏది గుర్తు లేదనిపిస్తే అది ముందు గీసేది. తప్పులు చాలా చేసింది. ఒకసారి నెఫ్రాన్‌లో మెలికలన్నీ తారుమారు చేసి, తనకే నవ్వొచ్చి కూర్చుండిపోయింది. ఈశ్వరమ్మగారు "ఇదేమిటో నాకు చెప్పమ్మా, నేను మరిచిపోయాను" అని అడిగేవారు. చెప్పబోతే ఎక్కడ మాట తడబడిందో, అక్కడే తనకు తెలియదని నీలవేణికి తెలిసేది. ఆ ఒక్క చోటు చదువుకునేది. సంక్రాంతి ముందు వచ్చిన పాఠాలను శివరాత్రి దాటాక మళ్ళీ గచ్చు మీదకు తెచ్చేది. రంగుపెన్నులు చెల్లెలికి ఇచ్చేసింది. ఫిబ్రవరిలో పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, గడియారం పెట్టుకుని రాసింది. మొదటిసారి సగం కూడా అవలేదు. ఏడుస్తూ ఇంటికి పోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది.

మార్చిలో పరీక్ష రాసింది. అన్నీ వచ్చాయని చెప్పలేదు. హార్మోన్ల మీద ఒక ప్రశ్న వదిలేశానంది. ఫలితాలు వచ్చిన రోజున రెండు సబ్జెక్టుల్లోనూ మంచి మార్కులతో పాసయింది. నర్సింగ్‌కు దరఖాస్తు పెట్టడానికి అవి చాలు.

సాయంత్రం సింహాచలం కూతురిని వెంటబెట్టుకుని, పొలం మట్టి కాళ్ళతోనే, అరటిపళ్ళ గెల పట్టుకుని మాస్టారింటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడి అడిగాడు.

"అంతకుముందు కూడా ఇదే పిల్ల, ఇవే పుస్తకాలు కదా మాస్టారూ. ఏటి మందు పోసినారు మా పిల్లకి?"

నీలవేణి తల దించుకుంది. ఈశ్వరమ్మగారు పళ్ళ గెల అందుకుని లోపలికి నడిచారు.

"నేనేమీ పొయ్యలేదయ్యా" అన్నారు దామోదరం మాస్టారు. "మీ అమ్మాయి తప్పులన్నీ మా వరండాలోనే చేసేసింది."