ఫోనులో అల్మారా

రెండువేల పద్దెనిమిది, వానాకాలం. పేరుకే వానాకాలం. శ్రావణం సగానికి వచ్చినా పత్తికొండ దారిలోని నల్లగుట్టపాడులో విత్తిన వేరుశనగ మొలక మీదే వాడిపోతూ ఉంది. ఆ ఊరి దర్గాలో దస్తగిరి ఉస్తాదు గొంతు కూడా ఆ ఏడే ఎండిపోవడం మొదలుపెట్టింది.

ఉస్తాదు దూదేకుల ఆయన. వయసులో ఉన్నప్పుడు ఊరూరా తిరిగి పరుపులు కుట్టాడు. ముసలితనంలో దర్గా చూసుకుంటూ, వచ్చినవాళ్లకు మంచీ చెడ్డా చెబుతూ ఉండిపోయాడు. రోజూ తెల్లవారి నమాజు అయ్యాక గడప పక్కన కూర్చునేవాడు. వచ్చినవాళ్ల అరచేతిలో చిటికెడు చక్కెర పెట్టి, ఒక మాట చెప్పేవాడు. ఒక్కటే మాట. చక్కెర నాలుక మీద కరిగేలోగా అది అయిపోయేది. మళ్లీ చెప్పమంటే చెప్పేవాడు కాదు.

"నిన్నటి చక్కెర నిన్ననే తింటిరి గదా" అనేవాడు. నిజానికి ఆయనకూ గుర్తుండేది కాదు.

ఆషాఢంలో కర్నూలు డాక్టరు ఆయన గొంతులో గడ్డను చూశాడు. దసరా లోపల కోసి తీసెయ్యాలన్నాడు. తీసేస్తే ప్రాణం నిలుస్తుంది, మాట మాత్రం ఇక రాదన్నాడు.

ఆ కబురు విని దర్గాలో అందరూ తల వంచుకుని కూర్చున్నప్పుడు, హుసేనప్ప ఒక్కడే లేచి నిలబడ్డాడు.

"రోజుకొక మాట నేను రాసి పెడతా. ఒక్కటీ పోనియ్యను."

హుసేనప్ప వడ్రంగి. పీరుకు మొక్కుకుంటే పుట్టాడని ఇంట్లోవాళ్లు ఆ పేరు పెట్టారు. అరవై దాటిన మనిషి, మహా మొండి. యాభై దాటేదాకా అక్షరం ముక్క రానివాడు. పగలంతా పని చేసుకుని, పొద్దుగూకాక దర్గా అరుగు మీద చదువుకున్నాడు. చిత్రిక పట్టిన పలక మీద, బొగ్గుతో, వేలు పట్టుకుని దిద్దించింది ఉస్తాదే. ఏం రాయాలి సామీ అని మొదటిరోజు అడిగితే, "నీ చేతిలో ఉండేది రాయి" అన్నాడు ఉస్తాదు. హుసేనప్ప చేతిలో ఉలి ఉంది. ఉలి అని రాశాడు. ఆ పలక ఇప్పటికీ వాళ్లింట్లో దేవుడి పటాల పక్కనే ఉంది. ఇంత మేలు చేసిన మనిషి రుణం ఎట్లా తీర్చుకోవాలా అని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు దారి దొరికింది.

"హుసేనప్ప రాస్తాడులే" అనుకుని మిగతావాళ్లు నిశ్చింతగా చక్కెర చప్పరించడం మొదలుపెట్టారు.

పుస్తకంలో రాయడం అతనికి ఇష్టం లేకపోయింది. ఎంత మంచి కాగితాన్నయినా చెదలు ఎట్లా తింటాయో వడ్రంగికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? అందుకని చిన్న కూతురు సుంకులమ్మ చేత ఫోనులో నోట్సు రాసుకునే యాప్ ఒకటి వేయించుకున్నాడు.

"ఇక్కడ నొక్కితే తెల్లపేజీ వస్తుంది నాయనా. రాసెయ్" అంది ఆ పిల్ల.

"ఉండు మేయ్. ముందు ఇది ఎట్లా కట్టినారో చూడనీ."

చూసిన కొద్దీ అతనికి అది అల్మారాలా కనిపించింది. ఎన్ని అరలు కావాలంటే అన్ని అరలు. అరలో అర. ప్రతి అరకూ ఒక రంగు. పైగా ఒకసారి పేజీకి అచ్చు తయారుచేసి పెడితే, రోజూ పొద్దున్నే ఆ గళ్లతోనే కొత్త పేజీ తెరుచుకుంటుంది. హుసేనప్ప చేతులు ఊరుకోలేదు. తేది, వారం, వాన అని మూడు గళ్లు పైన పెట్టాడు. కింద ఉస్తాదు మాట. దాని కింద నా తప్పు. ఆ కింద ఈ రోజు ఎవరి మేలు పొందినాను. ఒకరోజు చూసుకుంటే గళ్లు ఎక్కువైనట్టు అనిపించింది. విప్పి మళ్లీ కట్టాడు. శుక్రవారం మాటకు వేరే సొరుగు ఉండాలేమో అనిపించింది. అదీ పెట్టాడు. పచ్చరంగు నచ్చలేదు, మార్చాడు.

ఒక్క మాటా ఇంకా లోపల పెట్టలేదు. తలుపులు సరిగ్గా పడకుండా బీరువాలో బట్టలు పెట్టనిచ్చే వడ్రంగి కాదు అతను. ఈలోగా ఉస్తాదు చెప్పినవన్నీ తన తలలోనే ఉన్నాయని, సొరుగులు తయారు కాగానే సర్దేయడమేనని అతని ధీమా.

దర్గాలో వంట చూసుకునే బీబమ్మ ఊరుకునే మనిషి కాదు.

"ఏం హుసేనన్నా, అయ్యిందా అల్మారా? మా చీరలు పెట్టుకోడానికి ఒక అర ఇస్తావా?"

"నీ చీరలకు అర చాలదులే, గది కావాల."

"గదులు కట్టడం కూడా వస్తుందా ఆ ఫోన్లో! అయితే మా ఇంటి కప్పు కూడా వేసి పెట్టప్పా, కారుతాంది."

"వాన పడితే గదా కారేది."

నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వుల మధ్యలోనే ఒకరోజు బీబమ్మ చెల్లెలు షేకున్‌బీ పోయిందని కబురు వచ్చింది. మూడురోజులు ఏడ్చి, మొహం వాచిపోయి, బీబమ్మ దర్గాకు వచ్చింది. ఉస్తాదు ఆమె చేతిలో చక్కెర పెట్టి, పక్కనున్నవాళ్లకు మాత్రమే వినపడేంత మెల్లగా ఏదో చెప్పాడు. అప్పటికే ఆయన గొంతు గీసుకుపోతూ ఉంది. బీబమ్మ మళ్లీ బోరుమంది. ఈసారి ఏడుపు వేరుగా ఉంది, ఏదో దిగిపోయినట్టు.

పక్కనే కూర్చున్న హుసేనప్ప ఆ మాట విన్నాడు. ఒళ్లు జలదరించింది. ఫోను తీశాడు. దుఃఖానికి సొరుగు పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. ముందు ఆ సొరుగు చేద్దామనుకుని, దానికి ఏ రంగు వేయాలో ఆలోచిస్తూ ఇంటికి పోయాడు.

శ్రావణం సగమైన ఆ రోజుల్లోనే ఒక పొద్దున అతను ముఖం వెలిగిపోతూ దర్గాకు వచ్చాడు. చక్కెర పంచడం అయిపోయింది. అందరూ వెళ్లిపోయారు. ఉస్తాదు ఒక్కడే గడప దగ్గర పాత దిండు ఒకటి విప్పి, దూది ఎండబెడుతున్నాడు. ఎండ లేదు, అయినా అలవాటు. ఆకాశం ఉక్కపోతగా బూడిదరంగులో ఉంది.

"అయిపోయింది ఉస్తాదూ. ఒక్కసారి చూడండి."

ఉస్తాదు చేతులు దులుపుకుని ఫోను అందుకున్నాడు. ఒక్కొక్క అరా తెరిచి చూశాడు. తొందరపడలేదు. అన్ని గళ్లూ ఖాళీగా ఉన్నాయి.

"బాగుందప్పా" అన్నాడు చివరికి. "అతుకు ఎక్కడా కనపడలే."

హుసేనప్ప పొంగిపోయాడు. "ఒక్క అనుమానం ఉంది ఉస్తాదూ. అది తీరితే రేపటి నుంచి రాస్తా. పేజీలో నా తప్పు పైన ఉండాలా, నేను పొందిన మేలు పైన ఉండాలా?"

ఉస్తాదు జవాబు చెప్పబోయేలోగా పెంకు మీద టప్పుమని ఒక చుక్క పడింది. ఇంకొకటి. అంతలోనే గుట్ట మీద నుంచి మట్టివాసన దిగింది, దాని వెనకే వాన.

ఉస్తాదు దూది సంగతి మరిచిపోయాడు. ఫోను గూట్లో పెట్టి, ముసలి కాళ్లతో గబగబా వాకిట్లోకి నడిచాడు. తల పైకెత్తి, రెండు చేతులూ దోసిలి పట్టాడు. గడ్డం తడిసింది, చొక్కా తడిసి పక్కటెముకలు కనిపించాయి. నవ్వుతున్నాడు. హుసేనప్ప ఆయన అంత నవ్వడం చూసి చాలా రోజులైంది.

దోసిలి నిండింది.

"రా హుసేనూ" అన్నాడు ఆ గీరుగొంతుతోనే. "తాగు."

"అయ్యో, మీ చేతుల్లోనా! ఉండండి ఉస్తాదూ, చెంబు తెస్తా."

వంటింట్లోకి పరిగెత్తాడు. చెంబు దొరికింది గానీ అడుగున నల్లగా మసి ఉంది. ఉస్తాదు ఇచ్చే నీళ్లు, అందులోనూ ఇన్నాళ్లకు పడిన వాన నీళ్లు, మసిచెంబులో ఎట్లా పడతాడు? చింతపండు వెతికాడు. రుద్దాడు. కడిగాడు. నచ్చలేదు, మళ్లీ రుద్దాడు. మెరుస్తున్న చెంబు పట్టుకుని బయటికి వచ్చేసరికి వాకిలి నిశ్శబ్దంగా ఉంది.

వాన వెలిసిపోయింది. చూరు నుంచి మాత్రం ఒక్కొక్క చుక్కా జారుతోంది.

ఉస్తాదు అక్కడే నిలబడి ఉన్నాడు. చేతులు ఇంకా దోసిలి పట్టే ఉన్నాయి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోయి, అడుగున కొంచెమే మిగిలాయి.

ఆయన చెంబును చూశాడు. "తళతళ మెరుస్తాందే" అన్నాడు మెచ్చుకోలుగా. తరవాత హుసేనప్ప ముఖంలోకి చూశాడు.

"దాహం నీదా, చెంబుదా?"

హుసేనప్ప చేతిలో చెంబు బరువెక్కింది. దాన్ని కింద పెట్టాడు. వంగి, ఆ ముసలి అరచేతుల్లో మిగిలిన గుక్కెడు తాగాడు. నీళ్లు దూది వాసన వేశాయి.

అరలన్నీ చెరిపేయడానికి అతని మొండితనం ఒప్పుకోలేదు. అల్మారా అల్మారాగానే ఉంది. గూట్లోంచి ఫోను తీసుకుని, ఏ గడీ లేని తెల్లపేజీ ఒకటి తెరిచి, గడప మీదే తడిబట్టలతో కూర్చుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాశాడు.

ఈ రోజు వాన పడింది. ఉస్తాదు చేతిలోంచి తాగినాను.

ఆ రోజు నుంచి మానలేదు. ఉస్తాదు మాట చెప్పగానే, చక్కెర నోట్లో ఉండగానే రాసేసేవాడు. తప్పులు పడితే పడనీ. "వాన వెలిసినాక గొడుగు కొనేవాణ్ణి చూసి నవ్వొద్దు, ఇంకో వాన వస్తుందని నమ్మినోడు వాడొక్కడే" అన్న మాట అట్లా దక్కింది. "పరుపు కుట్టినోడు దాని మీద పండుకోడు, అయినా నిద్ర వాడిదే" అన్నదీ దక్కింది. అట్లాంటివి కొన్ని.

దసరా ముందర ఆపరేషన్ అయింది. ఉస్తాదు తిరిగివచ్చాడు. ప్రాణం నిలిచింది, మాట పోయింది. తెల్లవారి గడప దగ్గర కూర్చోవడం మాత్రం మానలేదు. చక్కెర పెట్టి, ఒక్క క్షణం అరచేతిని పట్టుకుని వదిలేవాడు.

హుసేనప్ప అదే రాసుకున్నాడు. ఈ రోజు మాట లేదు, చక్కెర ఉంది. ఈ రోజు ఉస్తాదు అన్నం రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ఈ రోజు బీబమ్మ పులగం పంపింది, ఉప్పు ఎక్కువ, అయినా పంపింది. ఈ రోజు నేను రాసింది సుంకులమ్మ చదివి ఒక్క తప్పే చూపించింది. రాసిన కొద్దీ మేలు చేసినవాళ్లు ఎక్కువవుతూ వచ్చారు. అప్పుడప్పుడు ఫోను ఉస్తాదు చేతికి ఇచ్చేవాడు. ఆయన చదివి, పులగం సంగతి దగ్గర శబ్దం లేకుండా నవ్వేవాడు.

చలికాలంలో ఒక పొద్దున, అందరూ వెళ్లాక, బీబమ్మ వచ్చి హుసేనప్ప పక్కన కూర్చుంది.

"అన్నా, మా షేకున్ పోయినప్పుడు ఉస్తాదు నాకొక మాట చెప్పినాడు. ఏడుపులో ఉండి పట్టుకోలేకపోయినా. రేపు దాని పిల్లలు వస్తాండారు. వాళ్లకు చెబుదామని. నువ్వు రాసిపెట్టినావు గదా, ఒక్కసారి చదువు."

హుసేనప్ప ఆ మాట కోసం తలంతా వెతికాడు; ఒళ్లు జలదరించడం గుర్తుంది గానీ మాట గుర్తు రాలేదు. ఫోను తీశాడు. దుఃఖం అని పేరు పెట్టిన సొరుగు ఉంది. నీలం రంగు వేసి ఉంది. తెరిచి ఆమెకు చూపించాడు.

బీబమ్మకు చదవడం రాదు. అయినా ఖాళీగా ఉందని తెలిసిపోయింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"సర్లే అన్నా. ఉండేది చదువు."

అతను మొదటి పేజీ తెరిచి, వాన పడిన రోజు నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆమె గోడకు ఆనుకుని వింది. ఉస్తాదు గడప దగ్గర నుంచి లేచి వచ్చి, ఇద్దరి చేతుల్లోనూ ఇంకోసారి చక్కెర పెట్టాడు.

ఆషాఢం నుంచి ఆ వాన పడిన రోజు దాకా దస్తగిరి ఉస్తాదు చెప్పిన మాటలు ఎవరి దగ్గరా లేవు. షేకున్‌బీ పోయినప్పుడు చెప్పింది వాటిలో ఒకటి.