కణుజు మొహమాటం

అనగనగా ఒక అడవిలో ఏటా మూడు మజిలీల పందెం జరిగేది. అనగనగా అన్నాను కదా అని, ఇది నవ్వుకుంటూ వినే కథ అనుకునేరు. కాదు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

మూడు మజిలీలంటే, మొదట మడుగు ఈదాలి. తర్వాత రాళ్లగుట్ట ఎక్కి దిగాలి. ఆఖరికి బయల్లో పరుగెత్తాలి. ఈ మూడూ వచ్చినవాళ్లు అడవి మొత్తంలో కొద్దిమందే. చేపకి ఈత వచ్చు గాని గుట్టెక్కలేదు. కొండముచ్చు గుట్టెక్కుతుంది గాని, నీళ్లలో దిగమంటే చెట్టెక్కి కూర్చుంటుంది. ఏనుగుకి ఈతా వచ్చు, ఎక్కడమూ వచ్చు, పరుగు పందెమంటే మాత్రం సిగ్గుపడుతుంది.

మూడింట్లోనూ మేటి కణుజు. కణుజంటే దుప్పుల జాతిలో అన్నిటికన్నా పెద్దది. మెడ చుట్టూ జూలు, నెత్తిన పెద్ద పెద్ద కొమ్ములు. పందెం రెండుసార్లు గెలిచింది కూడా. అయినా అడవి దాన్ని ఇష్టపడింది గెలుపు చూసి కాదు, మాట చూసి. ఒకరిని నొప్పించి ఎరగదు. ఎవరేం పెట్టినా వద్దనదు, ఎవరేమన్నా కాదనదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు కదా, అందుకని పందెగాళ్లంతా కలిసి దాన్నే తమ పెద్దగా పెట్టుకున్నారు.

"మన కష్టసుఖాలు నువ్వే చెప్పాలి కణుజన్నా," అన్నారు.

"అలాగే, దానికేం," అంది కణుజు.

ఇంతకుముందు ఆ పందెం కార్తీకంలో జరిగేది. అప్పటికి వానలు తగ్గుముఖం పడతాయి. మడుగు నిండా తేట నీళ్లుంటాయి. గెలిచినవాళ్లకి ఒక పూలదండ, మిగిలినవాళ్లకి చప్పట్లు. చప్పట్లతో కడుపు నిండుతుందా? మేతకి పోవలసిన వేళ కూడా ఈతలోనూ పరుగులోనూ గడిచిపోయేది. పందెగాళ్ల డొక్కలు ఎండిపోయాయి. పందెం జరిపించే ముసలి నెమలి ఇది చూసి చాలా బాధపడింది. ఆ గడపా ఈ గడపా తిరిగి, చివరికి ఇప్పపూల అంగడి పెట్టుకున్న ఎలుగుబంటితో పొత్తు కుదుర్చుకుంది.

పొత్తు మంచిదే, నేను కాదనను. పందెగాళ్ల ఇళ్లకి ఏడాదంతా మేత ఎలుగుబంటి పంపుతుంది. బదులుగా పందెం దాని అంగడి ముందు నుంచి సాగాలి. ఇప్పపూలు రాలే ఎండాకాలంలో జరగాలి. చూడ్డానికి అడవంతా వస్తుంది, వచ్చినవాళ్లు పూలు కొనుక్కుంటారు. ఒక్క షరతు మాత్రం ఉంది. పందెంలో దిగని ఇంటికి ఆ ఏడు మేత రాదు. అందరూ తలూపారు. ఎండాకాలంలో మడుగు ఎలా ఉంటుందో ఒక్కరూ అడగలేదు.

తర్వాత అడిగింది చుక్కల దుప్పి. దాని పేరు చుక్కి. తండ్రి లేడు, తల్లికి కాలు అవిటి. ఆ ఇంటి తిండంతా చుక్కి కాళ్ల మీదే నడుస్తోంది.

ఎండలు ముదిరాక ఒకనాటి పొద్దున చుక్కి కణుజు దగ్గరికి వచ్చింది. వెంట అడవిపంది, ఉడుము ఉన్నాయి.

"అన్నా, మడుగు చూశావా?" అంది చుక్కి.

"లేదమ్మా. ఏమైంది?"

"నీళ్లు సగానికి సగం పోయాయి. అడుగంతా ఊబి. నిన్న ఒడ్డునే ఒక కాలు పెట్టి చూశాను, లాక్కోవడానికి తల ప్రాణం తోకకొచ్చింది. నావి సన్నటి గిట్టలు. నడిమికి వెళ్లి దిగబడితే ఇక నేను రాను."

"నాకు బురదంటే పండగే," అంది అడవిపంది. "కానీ అది పొర్లే బురద కాదు కణుజన్నా, మింగే బురద."

ఉడుము మాట కాస్త మోటు. "అడగందే అమ్మయినా పెట్టదు. పైన ఏటి మలుపులో ఇంకా మంచి లోతు నీళ్లున్నాయి. ఈత అక్కడ పెట్టమని ఎలుగుబంటిని అడుగు. అంగడికి దూరమవుతుందని గొణుగుతుంది. గొణిగితే గొణగనీ," అంది.

"ఇవాళే వెళ్తాను," అంది కణుజు. ఆ మాట మనసారానే అంది. దాని మనసు మంచిదే, అదే వచ్చిన చిక్కు.

ఎలుగుబంటి దూరం నుంచే చూసి ఎదురొచ్చింది. "రా అల్లుడూ, రా. ఎండన పడి వచ్చావు. ముందు ఎంగిలిపడు, తర్వాత మాట్లాడుకుందాం," అంది. లేత వెదురు చిగుళ్లు తెచ్చి ముందు పోసింది. వాటి మీద పుట్టతేనె ధారగా పోసింది. కణుజు అంత కమ్మటి తిండి తిని ఎన్నాళ్లయిందో. తిన్నంతసేపూ ఎలుగుబంటి పక్కనే కూర్చుని ఈగలు తోలింది.

"ఇప్పుడు చెప్పు, ఏం పని మీద వచ్చావు?" అంది.

కణుజు నోట్లో ఇంకా తేనె తీపి పోలేదు. పెట్టిన చేతికి అప్పుడే వంక చెప్పడమేమిటి అనిపించింది. "ఏం లేదు మామా, ఇటుగా పోతూ పలకరించిపోదామని," అంది. ఇంటికొచ్చి చుక్కితో, "ఇవాళ వీలు చిక్కలేదమ్మా, రేపు చెబుతాను," అంది.

ఆ రేపు కాదు గాని, నాలుగు రోజులకి మళ్లీ వెళ్లింది. ఈసారి అంగడి ముందు ఇరవై ముప్పై మంది పోగై ఉన్నారు. ఎలుగుబంటి కణుజుని చెయ్యి పట్టి తీసుకెళ్లి ఎత్తయిన బండ మీద నిలబెట్టింది.

"పరుగు ఆఖరయ్యే గట్టు ఉంది చూశారూ? ఈ ఏటి నుంచి దాని పేరు కణుజు గట్టు. ఇంత మంచివాడు మన అడవిలో ఉండడం మన అదృష్టం," అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. కుందేళ్లయితే ఎగిరి ఎగిరి కొట్టాయి. కణుజుకి కళ్లు చెమర్చాయి. తన పేరు గట్టుకి పెట్టినవాడితో, నీ మడుగు బాగాలేదు అనడానికి నోరెలా వస్తుంది? ఎలుగుబంటి దాని మెడ కావిలించుకుని వీడుకోలు చెప్పింది. కణుజు ఆ మాట ఎత్తకుండానే తిరిగొచ్చింది.

"అడిగావా అన్నా?" అంది చుక్కి.

"ఆ, కదిపాను. చూద్దామన్నాడు."

"ఏం చూద్దామన్నాడు?"

"అదే, చూద్దామని."

ఉడుము కణుజు ముఖంలోకి చూసి ఏదో అనబోయింది. చుక్కి దాన్ని ఆపింది. "అన్న చూసుకుంటాడులే," అంది.

ఇక పందెం రేపనగా కణుజు మూడోసారి బయల్దేరింది. ఈసారి చెప్పి తీరాలని దారి పొడుగునా మాటలు వల్లె వేసుకుంది. మామా, ఈత పై మలుపుకి మార్చు. మామా, ఈత పై మలుపుకి మార్చు. పాపం, పాఠం అప్పజెప్పే పిల్లలా వెళ్లింది.

అంగడిలో ఎలుగుబంటి తల పట్టుకుని కూర్చుని ఉంది. చుట్టూ ఇప్పపూలు కుప్పలు కుప్పలు.

"రేపు అడవి రాకపోతే ఇవన్నీ కుళ్లిపోతాయి అల్లుడూ," అంది. "ఉన్నదంతా ఈ పందెం మీదే పెట్టాను. పిల్లలు గలవాణ్ణి."  తర్వాత తలెత్తి, "అది సరే, మీ పందెగాళ్లకి ఇబ్బందులేమైనా ఉన్నాయా? నాకు అంగడి తెలుసు గాని ఆట తెలియదు. ఉంటే దాచకుండా చెప్పు," అంది.

విన్నారా పిల్లలూ? తలుపు బార్లా తీసి, లోపలికి రమ్మని పిలిచినట్టే కదా. మాట కణుజు గొంతు దాకా వచ్చింది. ఎలుగుబంటి ముఖం చూసింది. అసలే బెంగతో ఉన్నాడు, ఈ వేళప్పుడు నేనూ ఒక బరువు పెట్టడమెందుకు అనుకుంది.

"అబ్బే, ఇబ్బందేముంది మామా. అంతా బాగానే ఉంది," అంది.

ఈ చోటికి వచ్చేసరికి నాకు దాని చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. ఏం చేస్తాం, కథలోకి వెళ్లి చెవి మెలిపెట్టలేం.

ఇంటి దగ్గర చుక్కి ఎదురుచూస్తోంది. అడగలేదని దానితో చెప్పడానికీ కణుజుకి మొహమాటమే. అది గనక ఆ ఒక్క నిజం చెప్పి ఉంటే, చుక్కి తన కాళ్లతో తను నడిచి ఎలుగుబంటి దగ్గరికి పోయేది. లేదా ఆ ఏటికి మేత వదులుకుని ఇంట్లో కూర్చునేది.

"అంతా చూసుకుంటారట," అంది కణుజు. "నువ్వు బెంగ పెట్టుకోకుండా దిగు."

చుక్కి ముఖం వికసించింది. "నువ్వు చెప్పాక ఇంకేం అన్నా. నీ మాట మీదే దిగుతాను," అంది. ఇంటికి పోయి తల్లికీ అదే చెప్పింది.

తెల్లవారింది. అడవికి అడవే వచ్చింది. ఇప్పపూల వాసనతో గాలి మత్తుగా ఉంది. నెమలి కూత వేసింది. పందెగాళ్లు మడుగులోకి దూకారు.

కణుజు బలమైనది. ఊబి కాళ్లు పట్టుకుంటుంటే రొమ్ముతో తోసుకుంటూ అవతలి ఒడ్డు చేరింది. అడవిపంది పొట్ట మీద ఈడ్చుకుంటూ వచ్చింది. ఉడుము పైపైన పాకుతూ వచ్చింది. కణుజు ఒళ్లు దులుపుకుని వెనక్కి చూసింది. నడిమిలో చుక్కి ఆగి ఉంది. ఊపిరి తీసుకుంటోంది కాబోలు అనుకుంది.

"అన్నా, కాళ్లు రావట్లేదు," అంది చుక్కి. పెద్దగా కూడా అరవలేదు.

కణుజు వెనక్కి దూకింది. నాలుగు బారలు పోయేసరికి అదీ దిగబడింది. అడవిపంది దాని జూలు పట్టి ఒడ్డుకి లాగింది. ఉడుము పొడుగాటి తీగ ఒకటి పట్టుకుని పాకి వెళ్లి చుక్కి నోటికి అందించింది. ఉడుము పట్టు సంగతి తెలిసిందే, అది వదల్లేదు. కానీ చుక్కి పళ్లకి అంత బలమెక్కడిది? ఒడ్డు నుంచి కణుజూ అడవిపందీ లాగిన ప్రతిసారీ తీగ దాని నోట్లోంచి జారిపోయింది. అవతల అంగడి ముందున్నవాళ్లకి ఇదేమీ తెలియదు. పందెంలో భాగమనుకుని, లాగు లాగు అంటూ కేకలు వేశారు. తర్వాత ఒక్కొక్కరే కేకలు ఆపేశారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి మడుగులో చుక్కి లేదు.

పందెం ఆగిపోయింది. అప్పుడు మాటలు మొదలయ్యాయి. ఏర్పాట్లు ఎలుగుబంటివి అంది నెమలి. ఈత పై మలుపుకి మార్చమని కణుజుతో చెప్పి పంపాం కదా అంది ఉడుము. ఎలుగుబంటి నేల మీద కూలబడి ఏడ్చింది. "నిన్న నేనే అడిగాను. ఇబ్బందేమీ లేదన్నాడు. పై మలుపుకి మార్చమంటే మార్చనా? నాలుగు బుట్టలు మోసుకుని అంగడి అక్కడే పెట్టుకునేవాణ్ణి కదా," అంది. చుక్కి తల్లికి బతికినన్నాళ్లూ మేత పంపుతానంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఎలుగుబంటి తప్పు లేదని నేననను. నెమలి తప్పూ ఉంది. పొత్తు కుదుర్చుకున్న ఇద్దరిలో ఒక్కరైనా మడుగు దాకా నడిచి చూస్తే కాళ్లు అరిగిపోయేవి కావు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా?

ఎలుగుబంటి ఆ మాట అన్నాక అందరూ కణుజు వైపు చూశారు.  ఉడుము ఇంకా ఆ తీగ వదల్లేదు.

పొద్దు వాలే వేళకి చుక్కి తల్లి కుంటుకుంటూ మడుగు దగ్గరికి వచ్చింది. కణుజు ఇంకా అక్కడే నిలబడి ఉంది. బురద ఒంటి మీదే ఎండిపోయింది.

"మడుగు బాగాలేదని నా బిడ్డ నీతో చెప్పిందా నాయనా?" అంది తల్లి.

"చెప్పిందమ్మా."

"నువ్వు వాళ్లతో చెప్పావా?"

ఓదార్పు మాటలు కణుజు నోటికి చాలా వచ్చాయి. ఒక్కటీ పైకి రానివ్వలేదు. "చెప్పలేదు," అంది.

"బెదిరించారా నిన్ను?"

"లేదు."

"వెళ్లగొట్టారా?"

"లేదమ్మా. తేనె పెట్టారు. మంచిగా మాట్లాడారు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

కణుజు ఎంత వెతికినా దానికి ఇంకో జవాబు దొరకలేదు. "మొహమాటపడ్డాను," అంది.

తల్లి ఆ మాట సరిగా వినబడనట్టు చెవి ఒగ్గింది. "మొహమాటమా?" అంది.

కణుజు తల వంచుకుంది. తల్లి దాని వంక కాసేపు చూసింది. తిట్టలేదు, శపించలేదు. మడుగు వైపు ఒకసారి తిరిగి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆ ఏటి నుంచి పందెం మళ్లీ కార్తీకానికి మారింది. పందెగాళ్లు ఉడుముని పెద్దగా పెట్టుకున్నారు. కణుజు ఇంకెప్పుడూ పందెంలో దిగలేదు. ఆ తల్లి నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేదని, బతికినన్నాళ్లూ దానికి అనిపిస్తూనే ఉండేది.

నీతి: నలుగురి తరఫున నోరు విప్పుతానని ఒప్పుకున్నవాడు మొహమాటాన్ని ఇంట్లో వదిలి రావాలి. వాడు మింగిన మాట ఇంకొకరి ప్రాణం మింగుతుంది.