సుడిచేను గణపతి

అమెరికా నడిమధ్యన, మొక్కజొన్న తప్ప మరొకటి కంటికి ఆనని సీమలో హార్విక్ కౌంటీ ఉంది. తొలినాళ్లలో సర్వే దొరలు గొలుసులు పట్టుకొచ్చి ఈ నేలనంతా చదరపు గళ్లుగా కోసిపెట్టారు. రోడ్లు తిన్నన, కంచెలు తిన్నన, చేలల్లో సాళ్లూ తిన్నన. వాగులు రెండూ మాత్రం ఎవరి మాటా వినక వంకర తిరిగాయి. ఆ వాగుల నడుమ, గుండ్రంగా సుడి తిరిగిన సాళ్ల మధ్యన స్వామివారి చిన్న గుడి ఉంది. స్వామి తూర్పుకు చూడడు, ఉత్తరానికీ చూడడు. ట్రాక్టరు కొట్టం వైపు చూస్తూ ఉంటాడు.

పూర్వం ఇక్కడ, అంటే మరీ పూర్వమేమీ కాదు, గుడి లేదు. ఎడ్నా హాల్వర్సన్ అనే రైతమ్మ, భర్త పోయాక ఒంటిచేత్తో ఈ చేను చేసుకునేవారు. మన భక్తులు ఆమెను ఎడ్నమ్మ గారంటారు. ఆ ఏడు వానలు వదలక విత్తే అదను దాటిపోతున్నది. పంట వేయకపోతే చేను అమ్ముకోవడమే. నేల కాస్త ఆరింది, రేపు విత్తుదామనుకున్నారు ఆమె.

ఆ రోజే పట్నం గుడికి గణపతి విగ్రహాన్ని తీసుకుపోతున్న లారీ కంకర రోడ్డు మీద జారి ఆమె చేలో దిగబడింది. బరువు తగ్గితే లేస్తుందని ఎడ్నమ్మ గారే ట్రాక్టరుతో విగ్రహం ఉన్న చెక్కపెట్టెను నేలకు దింపారు. పలకలు ఊడి స్వామి బయటపడ్డాడు. వెనక కార్లలో గుడి కమిటీవారితో వస్తున్న వంటావిడ పేరిందేవమ్మ గారు అది చూశారు. చేతులు ఊరుకుంటాయా? పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, డబ్బాలోని పులిహోర నైవేద్యం పెట్టేశారు.

కమిటీ పెద్ద కామేశం గారు నెత్తిన చేతులు పెట్టుకున్నారు. నైవేద్యం తిని కూర్చున్న దేవుణ్ణి లేపితే అరిష్టం.

“ఎంత పని చేశావు పిన్నీ,” అన్నారు.

“ప్రయాణం చేసొచ్చిన వాడికి అన్నం పెట్టాను నాయనా. లేస్తాడో లేదో ఆయనిష్టం,” అన్నారావిడ.

పూజారి గారిని ఫోనులో అడిగితే, స్వామి ఎవరి కలలోనైనా కనబడి వస్తానంటేనే కదపాలన్నారు. ఇక కమిటీవారు కార్ల సీట్లు వాల్చుకుని పట్టపగలే పడుకున్నారు. ఒకాయన కలలోకి ఆఫీసు మేనేజరు వచ్చాడు. కామేశం గారికైతే కునుకే పట్టలేదు.

చేను నడుమ స్వామి అడ్డుంటే తిన్నటి సాళ్లు పడవు, మళ్లీ వానొస్తే అదను పోతుంది; ఎడ్నమ్మ గారు పడమటి మబ్బు వంకే చూస్తున్నారు. కామేశం గారు దగ్గరికెళ్లి, మీ కలలోకే వచ్చి పోతానన్నాడని ఒక్క మాట అనేయండి, మీ చేను మీకు, మా దేవుడు మాకు అని నచ్చజెప్పబోయారు. ఆమెకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. అయినా తల అడ్డంగా ఊపారు.

“దేవుడి పేరు చెప్పి అబద్ధమాడను. అందులోనూ పరాయివాళ్ల దేవుడి పేరు చెప్పి.”

ఆ మర్నాడు పొద్దున ఆమే వచ్చి నిలబడ్డారు. మొహం ముడుచుకుని ఉన్నారు. కలొచ్చిందన్నారు. కామేశం గారు ఆమె మాటలను తెలుగులో చెబుతుంటే అందరూ చుట్టూ మూగారు.

“నా ట్రాక్టరు సీట్లో కూర్చున్నాడు. జరగమంటే జరగలేదు. చుట్టూ తిప్పమన్నాడు, తిప్పాను. బాగుందన్నాడు.”

“ఏ భాషలో అన్నాడమ్మా?” అని పేరిందేవమ్మ గారు అడిగారు.

“అడగలేదు. దిగమని చెప్పే తొందరలో ఉన్నాను.”

“మరి పోతానన్నాడా?” కామేశం గారు ఓ అడుగు ముందుకేశారు.

ఎడ్నమ్మ గారు మబ్బును చూశారు, చేనును చూశారు. అవునంటే చాలు.

“ఆ ఊసే ఎత్తలేదు,” అన్నారు.

అని, ఇంకెవరి మాటా వినకుండా విత్తనాల యంత్రం తగిలించుకుని, స్వామి చుట్టూ గుండ్రంగా సాళ్లు వేయడం మొదలుపెట్టారు. కౌంటీలో ఎవరూ అలా విత్తి ఎరుగరు. ఇరుగు పొరుగు రైతులు బండ్లు ఆపి నవ్వారు. ఆఖరి సాలు పడ్డాకే వాన దిగింది. పంట ఎప్పటిలాగే పండింది, చేను ఆమెకు దక్కింది. ఎప్పటిలాగే పండడమే మహిమని పేరిందేవమ్మ గారు ఇప్పటికీ అంటారు.

స్వామి అక్కడే ఉండిపోయాడు, ఆయన చుట్టూ గుడి లేచింది. నేటికీ విత్తే రోజున భక్తులు ట్రాక్టరు వెనక నడిచి ప్రదక్షిణం చేస్తారు. గుడిలో నిద్ర చేసినవారు పొద్దున్నే తమ కలను ఉన్నదున్నట్టు చెప్పాలి. అలా చెప్పినవారి చేను, ఇల్లు చల్లగా ఉంటాయి. ప్రసాదం వెన్న రాసిన మొక్కజొన్న పొత్తు. కల రాలేదని ఒప్పుకున్నవారికి ఎడ్నమ్మ గారు రెండు ఇస్తారు.