చుక్కమ్మ జామీను

ఇప్పచెట్ల లోయలో నెమలి గుడ్లు పోయాయి. గూటి పక్కన అడవికోడి చుక్కమ్మ ఈక ఒకటి, నేల మీద ఆమె కాలిగీతలు కనబడ్డాయి. తింటుండగా చూసినవాళ్లు లేరు. అయినా న్యాయం చెప్పే అడవిదున్న గంగులుగారు, విచారణ తేలేదాకా ఆమెను రాతిగుహలో పెట్టి ముళ్లపందిని కాపలా ఉంచారు.

అక్కడ చెదలు కెలుక్కున్న మాట నిజమే కానీ గుడ్ల జోలికి పోలేదని చుక్కమ్మ మొత్తుకుంది. కాకి వాలగానే తాటిపండు పడితే కాకి చేసిన నేరమేమిటని ఆమె బాధ. గుహలో గింజలకు లోటు లేదు. దిగులంతా పొదలో వదిలొచ్చిన, రెక్కలు రాని పిల్లల గురించే.

అప్పుడొచ్చాడు నక్క జిత్తయ్య, వినయం ఒలకబోస్తూ.

"చెల్లెమ్మా, నీకు జామీను ఇప్పిస్తాను. పూచీ నేనుంటాను," అన్నాడు.

అంటూనే పెదాలు నాక్కున్నాడు. చుక్కమ్మ అది చూసింది. లోపలుంటే తను బతుకుతుంది, పిల్లలు చస్తారు. బయటికొస్తే అందరూ కలిసి ఇతగాడి నోట్లోకే. చాలాసేపు ఆలోచించి, సరేనంది.

విచారణలో జిత్తయ్య అదరగొట్టాడు. ఈక గాలి ఎటు తీసుకుపోతే అటు పోతుందన్నాడు. అనుమానం రుజువు కాదన్నాడు. పిల్లల తల్లి ఎక్కడికి పారిపోతుందన్నాడు. ఫిర్యాదు చేసిన నెమలి కూడా కళ్లు తుడుచుకుంది. గంగులుగారు జామీనుకు ఒప్పుకున్నారు.

"దొరవారూ, చిన్న మనవి," అంది చుక్కమ్మ తల వంచుకుని. "దారిలో నన్ను ఎవరైనా తినేస్తే, వాయిదాకు ఎవరిని పిలుస్తారు?"

"పూచీ ఉన్నవాణ్ణే. నీ బదులు అతనే గుహలో ఉండాలి."

"పిల్లలకేమైనా అయితే ఆ ఏడుపులో నేను ఎటు పోతానో నాకే తెలీదు. వాళ్లకూ అన్నయ్యనే పూచీ ఉండమనండి."

అందరి ముందూ అంత వాదించాక జిత్తయ్య వెనక్కి తగ్గడం ఎలా? తలూపాడు.

ఆనాటి నుంచి చేను మేద్దామని వచ్చినవాడు కంచై కూర్చున్నాడు. అడవిపిల్లి వస్తే కరిచి తరిమాడు. గద్ద నీడ పడితే ఊళ పెట్టాడు. పిల్లలు కళ్లముందే బలుస్తుంటే గుటకలు మింగి ఎలుకలతో సరిపెట్టుకున్నాడు. విచారణకు వెళ్లినప్పుడల్లా చుక్కమ్మ, సాక్షి దొరకలేదంటూ ఇంకో వాయిదా అడిగేది. తీర్పు చెప్పమని జిత్తయ్య బతిమాలేవాడు.

"ముద్దాయి కంటే జామీనుదారుడికే తొందరగా ఉందే," అని గంగులుగారు ఆశ్చర్యపోయి, వాయిదా ఇచ్చేవారు.

పిల్లలకు రెక్కలు గట్టిపడ్డాక గానీ చుక్కమ్మ విచారణకు సిద్ధమనలేదు. రుజువు లేదని గంగులుగారు కేసు కొట్టేశారు. గుడ్లు తిన్నదెవరో ఇప్పటికీ తేలలేదు. పూచీ తీరిందన్న మాట చెవినపడగానే జిత్తయ్య, దణ్ణమైనా పెట్టకుండా ఎగిరి దూకాడు. అప్పటికే తల్లీ పిల్లలూ మద్దిచెట్టు పైకొమ్మ మీదున్నారు.

"నీ చలవ వల్లే పెరిగారన్నయ్యా," అంది చుక్కమ్మ పైనుంచి, మనస్ఫూర్తిగానే.

జిత్తయ్య మెడ నొప్పెట్టేదాకా పైకి చూసి, ఎలుకల కోసం వెళ్లిపోయాడు.

నీతి: మేయడానికి వచ్చినవాణ్ణి తరమలేకపోతే, కంచెగా పాతెయ్యాలి.