హద్దులు చదవని ముద్ర

కనకవీటి రాజు ప్రతాపమల్లుడికి పొద్దున్నే ఒక ఆలోచన వచ్చిందంటే సాయంత్రానికల్లా అది శాసనమైపోయేది. ఆ ఏడు వచ్చిన ఆలోచన మాత్రం, నిజం చెప్పాలంటే, మంచిదే. ఇల్లు కొనుక్కునే బీదాబిక్కీకి ఖజానా నుంచి అప్పిస్తానన్నాడు.

అయితే ఒక మెలిక పెట్టాడు. ఇంటి పత్రాలను ఖజానా జాబితాలో పేరున్నవాడే చూసి ముద్ర వెయ్యాలి. ఇంకెవరు చూసినా చెల్లదు.

జాబితాలో ఉన్నది ఒకే ఒక్క పేరు, విరూపాక్ష పంతులుది. ఉండదూ మరి! జాబితా రాసింది ఆయనే.

పంతులుగారి జరీ శాలువా ముందు వచ్చేది, ఆయన తర్వాత వచ్చేవాడు. "పత్రం చదవడం ఏమిటయ్యా! చేత్తో పట్టుకుంటే చాలు, మంచిదో చెడ్డదో నాకు తెలిసిపోతుంది" అనేవాడు. అలా పట్టుకుని, ఇలా ముద్ర కొట్టేవాడు.

పోలమ్మ అని, రాణిగారికి పూలదండలు కట్టే మనిషి ఉండేది. ఇరవై ఏళ్లుగా కూడబెట్టిందంతా కుమ్మరివీధిలో ఒక ఇంటికి బయానా ఇచ్చేసింది. పంతులు ముద్ర వేశాడు. ఎందుకైనా మంచిదని ఆ పత్రాన్ని పాత కరణం చెంగయ్య చేత చదివించుకుంది. ముసలాయన అక్షరం అక్షరం చదివి మొహం చిట్లించాడు.

"ఈ ఇంట్లో సగం అమ్మేవాడి అన్నగారిది తల్లీ. ఆయన సంతకం ఏదీ?"

పోలమ్మ ఖజానాకి పరిగెత్తింది. అక్కడి అధికారి తల కూడా ఎత్తలేదు. "చెంగయ్య పేరు జాబితాలో లేదు, ఆయన మాట చెల్లదు. ముద్ర పడింది కాబట్టి శుక్రవారంలోగా కొనెయ్. వద్దంటావా, బయానా వదులుకో."

పాపం, ఏం చేస్తుంది? కొంటే సగం ఇల్లు, మానేస్తే ఇరవై ఏళ్ల కష్టం గంగపాలు. ఏడుస్తూ వెళ్లి మంగాయి దగ్గర కూలబడింది.

మంగాయి రాజుగారి తాంబూలం పెట్టె మోసే మనిషి. రాజుగారి నోరు కిళ్లీతో నిండి ఉన్నప్పుడు మాట్లాడే చనువు ఆ కొలువులో ఆవిడ ఒక్కదానికే ఉండేది. ఆ చనువుతోనే పోలమ్మ సంగతి చెవిన వేసింది.

రాజుగారికి రోషం వచ్చింది. "మా జాబితాకే వంక పెడతావా? శుక్రవారం సభలో రుజువు చూపించు. చూపిస్తే ఆవిడ బయానా వెనక్కిప్పిస్తాను. లేదంటే నెల్లాళ్లు నువ్వు నోరు మెదపకూడదు."

"నెల్లాళ్లా! అంతకంటే ఉరి తీయించండి ప్రభూ" అంది మంగాయి. అని, ఆ మధ్యాహ్నమే ఒక కొత్త పత్రం రాయించి పోలమ్మ చేతికిచ్చి పంతులు దగ్గరికి పంపింది.

శుక్రవారం సభ నిండిపోయింది. శాలువా వచ్చింది, వెనకే పంతులూ వచ్చాడు. మంగాయి ఆ పత్రాన్ని ఆయన ముందు పెట్టింది.

"ఈ ముద్ర తమరిదేనా పంతులుగారూ?"

పంతులు ముద్ర ఒక్కటే చూశాడు. "నాదే. అంత అందంగా ఇంకెవరు వేస్తారు?"

"చదివే వేశారా?"

"ఎంత మాట! మూడుసార్లు చదివాను."

"అయితే ఆ ఇల్లు ఇక పోలమ్మదేనా?"

పంతులు మీసం దువ్వాడు. "నా ముద్ర పడ్డాక తిరుగేముంది? సాక్షాత్తూ ప్రభువులే వచ్చినా పోలమ్మని అడిగి గడప తొక్కాల్సిందే!"

రాజు కూడా మెచ్చుకోలుగా తల ఊపాడు. మంగాయి పత్రాన్ని చెంగయ్యకి అందించింది. "తాతా, హద్దులు చదువు."

చెంగయ్య గొంతు సవరించుకున్నాడు. "తూర్పు, ఏనుగుల సాల. దక్షిణం, పెద్ద వంటశాల."

రాజు కిళ్లీ నమలడం ఆపాడు.

"పడమర, రాణిగారి సంపెంగ తోట. ఉత్తరం, నగారా మండపం. ఈ నడుమ ఉన్న కట్టడం యావత్తూ, అందులోని సింహాసనంతో సహా."

"ఇది మా కోటే కదా!" రాజు లేచి నిలబడ్డాడు. "అమ్మిందెవరు?"

"నేనే ప్రభూ" అంది మంగాయి. "తాతల నాటి నుంచీ మా సొంతమని రాయించి, ఒక్క మల్లెదండకి పోలమ్మకి అమ్మేశాను. పంతులుగారు మూడుసార్లు చదివి మరీ ఖాయం చేశారు. ఇక నా చేతుల్లో ఏముంది? పోలమ్మ పొమ్మంటే తమరు సామాను సర్దుకోవాలి ప్రభూ!"

సభంతా రాజుగారి మొహం వంక చూసింది. అంతలో రాజుగారికి నవ్వు పొర్లుకొచ్చింది. నోట్లో కిళ్లీ ఉందన్న సంగతే మరిచాడు, జరీ శాలువా నిండా ఎర్రటి చుక్కలు పడ్డాయి. ఆ తర్వాత సభంతా ఘొల్లుమంది.

రాజు కళ్లు తుడుచుకుంటూ అడిగాడు. "పోలమ్మా, మమ్మల్ని ఇక్కడ ఉండనిస్తావా?"

"అయ్యో, ఉండండి ప్రభూ! ఇంత ఇంటిని ఊడ్చలేక నా నడుం పడిపోతుంది. నాకు రెండు గదులూ, పూలమొక్కలకి కాస్త పెరడూ చాలు."

రాజు అక్కడికక్కడే పోలమ్మ బయానా వెనక్కిప్పించాడు. చెంగయ్య పేరు జాబితాకెక్కించాడు. ఇకమీదట పంతులు శాలువా ఇంట్లో వదిలేసి, ప్రతి ఇంటి నాలుగు హద్దులూ కాలినడకన తిరిగి చూశాకే ముద్ర వెయ్యాలన్నాడు. మంగాయికి బంగారు తాంబూలం పెట్టె ఇచ్చాడు. సంపెంగ తోట పక్కన రెండు గదుల ఇంటిని పోలమ్మ పేర బహుమానంగా రాయించి, తానే సంతకం చేసి, పత్రం చాచాడు.

పోలమ్మ వంగి దణ్ణం పెట్టింది గానీ చెయ్యి మాత్రం చాచలేదు. చెంగయ్య వైపు చూసింది.

"కోప్పడకండి ప్రభూ. తాత ఒక్కసారి చదివాక పుచ్చుకుంటాను."

ఈసారి అందరికంటే ముందు నవ్వింది రాజుగారే.